మీకు తెలుసా? కొలిమికి కాపలా ఎవరు: పీఎల్‌సీయా, విడి కంట్రోలరా?

కార్ల ఫ్యాక్టరీ కోసం పుట్టిన పెట్టె

పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) పుట్టింది వేడిని అదుపు చేయడానికి కాదని మీకు తెలుసా? 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రామాటిక్ విభాగానికి రిలేలతో పెద్ద తలనొప్పిగా ఉండేది. తయారీలో మార్పు వచ్చినప్పుడల్లా బీరువాల నిండా ఉన్న రిలేలను విప్పాలి, వైరింగ్ మళ్లీ చేయాలి, తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలి. వైర్లు ముట్టుకోకుండా ప్రోగ్రామ్ మారిస్తే పని మారిపోయే యంత్రం కావాలని వాళ్లు అడిగారు. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో డిక్ మోర్లీ, ఆయన సహచరులు దాన్ని తయారుచేశారు. అది వాళ్ల 84వ ప్రాజెక్టు. అందుకే దాని పేరు మోడికాన్ 084.

ఆ పెట్టెకు మొదట తెలిసినవి ఉంది, లేదు అనే రెండు మాటలే. స్విచ్ పడిందా, మోటారు తిరుగుతోందా, తలుపు మూసి ఉందా అన్నవే దాని ప్రశ్నలు. ఉష్ణోగ్రత అలా రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అనలాగ్ కార్డులు, హీటర్‌ను ఎంత నడపాలో లెక్కగట్టే పీఐడీ బ్లాకులు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఇప్పటి పీఎల్‌సీ వేడిని చక్కగానే అదుపు చేస్తుంది, అందులో అనుమానం అక్కర్లేదు. అయితే అందుకు కావలసినవన్నీ ఎవరో ఒకరు కూర్చుని దానికి నేర్పాలి. ఆ నేర్పేవారు ఎవరు, రేపు వాళ్లు అందుబాటులో ఉంటారా అన్నదాన్ని బట్టే సగం నిర్ణయం జరిగిపోతుంది.

కోడిగుడ్లతో మొదలైన వంశం

ప్యానెల్ తలుపు మీద కనిపించే చిన్న టెంపరేచర్ కంట్రోలర్ పూర్వీకుడు 17వ శతాబ్దం నాటివాడు. హాలండ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన కార్నెలిస్ డ్రెబెల్, కోడిగుడ్లు పొదిగించే పొయ్యికి ఒక ఏర్పాటు చేశాడు. గాజు గొట్టంలోని ఆల్కహాల్ వేడికి వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. పాదరసం ఒక కడ్డీని లేపేది. ఆ కడ్డీ పొయ్యికి గాలి వెళ్లే దారిని మూసేది. మంట తగ్గి చల్లబడగానే దారి మళ్లీ తెరుచుకునేది. మనిషి దగ్గర లేకుండానే వేడి తనను తాను సరిచూసుకున్న తొలి పరికరాల్లో అదొకటి.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో ఉండే ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ హ్యాచరీల్లో జరిగేది ఇదే పని. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు, దాదాపు 37.5 డిగ్రీలు కావాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయి అలాగే ఉండిపోతే పిల్లల లెక్క తగ్గిపోతుంది. చిన్న ఇంక్యుబేటర్‌కు విడి కంట్రోలరే నప్పుతుంది. ఎందుకంటే దాని పని ఒక్కటే, అది కూడా ఎప్పటికీ మారని పని.

ధర కాదు, రెండు అంగుళాలు

విడి కంట్రోలర్ ధర గురించి అందరూ మాట్లాడతారు గానీ దాని కొలత గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి దాని అసలు బలం అక్కడే ఉంది. ముఖం 48 × 48 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల లోపు. ప్యానెల్‌లో కోయాల్సిన రంధ్రం 45 × 45. కాస్త పెద్దవాటికి 96 × 96 ముఖం, 92 × 92 రంధ్రం. ఈ కొలతలు ప్రపంచమంతటా ఒకటే. ఒక కంపెనీది తీసి మరో కంపెనీది అదే రంధ్రంలో దూర్చవచ్చు. ముందు వైపు పై వరుసలో ఇప్పుడున్న వేడి, కింది వరుసలో ఉండాల్సిన వేడి (సెట్ పాయింట్). వెనక స్క్రూ టెర్మినల్స్. సెన్సర్ సంకేతాన్ని చదవడం, పీఐడీ లెక్క, ఆటో ట్యూన్, అలారం, హీటర్‌ను ఆన్ ఆఫ్ చేసే ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే)ను నడిపే వోల్టేజీ అన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి.

పీవీసీ పైపులు తీసే ఎక్స్‌ట్రూడర్‌ను తీసుకుందాం. బ్యారెల్ పొడవునా నాలుగైదు హీటర్ జోన్లు, డై దగ్గర మరికొన్ని. రాత్రి రెండు గంటలకు మూడో జోన్ కంట్రోలర్ డిస్‌ప్లే ఆరిపోయిందనుకోండి. పీవీసీకి ఆగే ఓపిక లేదు. వేడి బ్యారెల్‌లో నిలిచిపోతే అది విచ్ఛిన్నమై నల్లబడుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వదులుతుంది, స్క్రూను తినేస్తుంది. షిఫ్ట్‌లో ఉన్న ఎలక్ట్రీషియన్ స్టోర్‌లోంచి కొత్త కంట్రోలర్ తెస్తాడు. కరెంటు తీసి, ఎనిమిదో పదో వైర్లు విప్పి, వెనక బిగింపు వదులు చేసి పాతదాన్ని ముందుకు లాగేస్తాడు. కొత్తది పెట్టి, సెన్సర్ రకం ఎంచుకుని, సెట్ పాయింట్ వేసి, పక్క జోన్ కంట్రోలర్‌లోని పీఐడీ అంకెలు చూసి ఇందులో కొడతాడు. పక్క జోన్లు ఈలోగా తమ వేడిని తాము పట్టుకునే ఉంటాయి.

అదే పీఎల్‌సీలో థర్మోకపుల్ (వేడి సెన్సర్) కార్డు పోతే? ఆ ఒక్క కార్డు మీద నాలుగో ఎనిమిదో జోన్లు ఉంటాయి, అన్నీ ఒకేసారి గుడ్డివైపోతాయి. కార్డు దొరికితే మార్చడం తేలికే. సీపీయూ పోతే మాత్రం లాప్‌టాప్ కావాలి, అందులో సరైన వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఉండాలి, పాస్‌వర్డ్ తెలియాలి, చివరిసారి మార్పులు చేసిన ప్రోగ్రామ్ కాపీ చేతిలో ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తెల్లారేదాకా ఎదురుచూడాల్సిందే. పీఎల్‌సీ కొనే ప్రతి యజమానీ యంత్రంతో పాటు ఆ ప్రోగ్రామ్ కాపీని, పాస్‌వర్డ్‌ను రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఇది మొహమాటపడే విషయం కాదు.

మొదటి లూప్ ఖరీదు, ఎనిమిదో లూప్ ఖరీదు

విడి కంట్రోలర్లలో లెక్క సూటిగా ఉంటుంది. ఒక జోన్‌కు ఒకటి, పది జోన్లకు పది. పీఎల్‌సీలో మొదటి జోన్ చాలా ఖరీదు: సీపీయూ, పవర్ సప్లై, థర్మోకపుల్ కార్డు, అవుట్‌పుట్ కార్డు, టచ్ స్క్రీన్, ప్రోగ్రామ్ రాసేవారి ఫీజు. ఆ తర్వాత ఒక్కో జోన్ కలపడానికి అయ్యే ఖర్చు తక్కువ. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు లూప్‌లకు (ఒక్కో జోన్ అదుపు ఒక లూప్) పీఎల్‌సీ పెట్టడం దండగ అని నా అభిప్రాయం. అయితే యంత్రంలో ఇప్పటికే కన్వేయర్ కోసమో, హైడ్రాలిక్స్ కోసమో పీఎల్‌సీ ఉంటే లెక్క తిరగబడుతుంది. ఉన్నదానికి ఒక కార్డు చేరిస్తే సరిపోతుంది. ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రాల్లో వేడి, ఒత్తిడి, స్క్రూ కదలిక అన్నీ ఒకే కంట్రోల్ కిందకు రావడానికి ఇదొక కారణం.

రియాక్టర్ దగ్గర మాట మారుతుంది

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లోని బల్క్ డ్రగ్ యూనిట్లలో రియాక్టర్ చుట్టూ జాకెట్ ఉంటుంది. ఆవిరి గానీ వేడి నూనె గానీ చల్లటి బ్రైన్ గానీ ఆ జాకెట్‌లోనే తిరుగుతుంది. లోపలి మిశ్రమం వేడి మారాలంటే ముందు జాకెట్ మారాలి, గోడ మారాలి, ఆ తర్వాత మిశ్రమం మారాలి. దోసె పెనం కింద మంట తీసేశాక కూడా పెనం కాలుతూనే ఉన్నట్టు, ఆవిరి వాల్వు మూసేశాక కూడా రియాక్టర్ వేడెక్కుతూనే ఉంటుంది. ఒకే లూప్‌తో దాన్ని పట్టాలంటే గీత దాటి వెనక్కి రావడమే సరిపోతుంది.

అందుకే ఇక్కడ ఒక లూప్ లోపల మరో లూప్ పెడతారు. దీన్ని క్యాస్కేడ్ అంటారు. బయటి లూప్ మిశ్రమం వేడిని చూసి, జాకెట్ ఎంత వేడిగా ఉండాలో చెబుతుంది. లోపలి లూప్ ఆ మాట ప్రకారం వాల్వును తిప్పుతుంది. క్యాస్కేడ్ చేయగల విడి కంట్రోలర్లు కూడా ఉన్నాయి. కానీ రియాక్టర్‌కు కావలసింది అంతటితో ఆగదు. స్టిర్రర్ ఆగితే వేడి ఆపాలి. రసాయన చర్య వేడిని పుట్టించేదైతే పదార్థం పోసే వేగం తగ్గించాలి. ఆవిరి నుంచి బ్రైన్‌కు మారేటప్పుడు మధ్యలో జాకెట్ ఖాళీ చేయాలి. ఒక బ్యాచ్‌కు ఒక వంటకం (రెసిపీ), మరో బ్యాచ్‌కు మరో వంటకం. ఇవన్నీ ఒకదాని మాట ఒకటి వినాల్సిన పనులు. మోర్లీ పెట్టె పుట్టిందే ఇలాంటి పనులకు. ఇక్కడ పీఎల్‌సీ వద్దని విడి కంట్రోలర్లతో, టైమర్లతో, రిలేలతో నెట్టుకురావడం అంటే 1968కి ముందు రోజులకు వెళ్లడమే.

రికార్డుల సంగతి సరేసరి. అమెరికాకు మందులు పంపే కంపెనీ ఎలక్ట్రానిక్ రికార్డులు ఉంచుకుంటే, అవి 1997లో వచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలకు లోబడి ఉండాలి. సెట్ పాయింట్ ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతకుముందు ఎంత ఉంది అన్నది చెరిగిపోకుండా నమోదు కావాలి. ముందు బటన్ నొక్కి ఎవరైనా మార్చగల మామూలు కంట్రోలర్ ఒంటరిగా ఆ పని చేయలేదు. పీఎల్‌సీ వెనక స్కాడా అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ గానీ, అందుకోసమే తయారైన రికార్డర్ గానీ ఉండాలి.

కరెంటు బిల్లులో కనిపించే తేడా

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారుకు యూనిట్లకే కాక గరిష్ఠ డిమాండ్‌కు కూడా బిల్లు పడుతుంది. పొద్దున్నే చల్లటి యంత్రాన్ని ఆన్ చేయగానే పన్నెండు విడి కంట్రోలర్లు పన్నెండు హీటర్లనూ పూర్తి స్థాయిలో వెలిగిస్తాయి. ఒక్కోటి 5 కిలోవాట్లయితే మొత్తం 60 కిలోవాట్లు ఒక్క ఊపున. పక్కవాడు ఏం చేస్తున్నాడో ఏ కంట్రోలర్‌కూ తెలియదు. పీఎల్‌సీకి తెలుసు. నాలుగు జోన్లు ముందు, మరో నాలుగు కాసేపాగి అని వంతులు వేయగలదు. వేడి ఎక్కాక కూడా అన్ని హీటర్ల ఆన్ సమయాలు ఒకదాని మీద ఒకటి పడకుండా జరపగలదు.

ఒకే అంకె, రెండు అర్థాలు

విడి కంట్రోలర్‌లో చక్కగా పనిచేసిన పీఐడీ విలువలను పీఎల్‌సీలో అలాగే కొడితే కొలిమి పిచ్చెత్తినట్టు ఊగుతుందని మీకు తెలుసా? చాలా కంట్రోలర్లలో మొదటి విలువ ప్రపోర్షనల్ బ్యాండ్. అది చిన్నదైతే స్పందన పదునెక్కుతుంది. పీఎల్‌సీలో సాధారణంగా అడిగేది గెయిన్. అది పెద్దదైతే పదునెక్కుతుంది. 100ను బ్యాండ్ శాతంతో భాగిస్తే గెయిన్ వస్తుంది. బ్యాండ్ 50 శాతం అంటే గెయిన్ 2. ఎవరైనా 50నే గెయిన్‌గా వేస్తే, ఉండాల్సినదానికి 25 రెట్లు. ఇంటిగ్రల్ సమయం ఒక చోట నిమిషాల్లో, ఒక చోట సెకన్లలో ఉంటుంది. 4 నిమిషాలను 4 సెకన్లుగా కొట్టినవాడు 60 రెట్లు తొందరపెట్టినట్టే.

పీఎల్‌సీలో ఇంకో మెలిక ఉంది. పీఐడీ లెక్క గడియారంలా సమాన వ్యవధుల్లో జరగాలి. దాన్ని మామూలు ప్రోగ్రామ్‌లో పడేస్తే, ప్రోగ్రామ్ పొడవును బట్టి ఒకసారి 10 మిల్లీసెకన్లకు, ఒకసారి 25కు నడుస్తుంది. అందుకే కచ్చితమైన వ్యవధితో నడిచే ఇంటరప్ట్ బ్లాకులో పెడతారు. ఇలాంటి జాగ్రత్తలన్నీ విడి కంట్రోలర్‌లో తయారీదారే తీసుకుని ఉంటాడు. పెద్ద కంపెనీల రెడీమేడ్ పీఐడీ బ్లాకులతో ఇబ్బంది తక్కువ. సొంతంగా నాలుగు లైన్లు రాసుకున్న పీఐడీతోనే ప్రమాదం. చల్లటి కొలిమి గంటసేపు వేడెక్కుతుంటే, ఆ గంట పొడవునా ఇంటిగ్రల్ పోగుపడుతూ ఉంటుంది. సెట్ పాయింట్ దాటాక కూడా ఆ పోగు కరిగేదాకా హీటర్ ఆగదు.

ఆటో ట్యూన్ బటన్ వెనక కూడా పేర్లున్నాయి. టేలర్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు చెందిన జీగ్లర్, నికోల్స్ 1942లో ట్యూనింగ్ సూత్రాలు ప్రకటించారు. స్వీడన్‌లో ఆస్ట్రమ్, హాగ్‌లుండ్ 1984లో రిలే పద్ధతి చూపించారు. హీటర్‌ను కావాలనే ఆన్ ఆఫ్ చేసి, వేడి ఎంత ఊగుతోందో, ఎంతసేపటికి ఊగుతోందో చూసి విలువలు లెక్కగట్టే పద్ధతి అది. అందుకే ఆటో ట్యూన్ ఖాళీ కొలిమిలో కాకుండా మామూలుగా పెట్టే సరుకు పెట్టి చేయాలి.

ఇద్దరినీ కలిపితే

చాలాచోట్ల తెలివైన దారి మధ్యలో ఉంటుంది. వేడి పట్టే పని విడి కంట్రోలర్లది. వరుస, ఇంటర్‌లాక్‌లు, వంటకాలు, రికార్డులు పీఎల్‌సీవి. ఇద్దరి మధ్య ఒక జత వైర్ల ఆర్‌ఎస్-485, దాని మీద మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతి. ఆ మోడ్‌బస్‌ను 1979లో ప్రకటించింది కూడా ఆ 084 పెట్టె కంపెనీ మోడికానే. పీఎల్‌సీ ఆగిపోయినా కంట్రోలర్లు చివరి సెట్ పాయింట్ దగ్గర వేడిని పట్టుకుని ఉంటాయి. ఎక్స్‌ట్రూడర్ లాంటివాటికి నాకు బాగా నచ్చే ఏర్పాటు ఇదే.

కానీ ఇందులో దాగిన ఒక గొయ్యి గురించి ప్రోగ్రామ్ రాసేవాళ్లకు తప్పక చెప్పాలి. చాలా కంట్రోలర్లు తమకు వచ్చిన సెట్ పాయింట్‌ను కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో రాసుకుంటాయి. ఆ మెమరీకి రాతల ఆయుష్షు ఉంటుంది, మోడల్‌ను బట్టి లక్ష సార్లో, పది లక్షల సార్లో. పీఎల్‌సీ మారని సెట్ పాయింట్‌నే సెకనుకోసారి పంపుతూ ఉంటే లక్ష రాతలు 28 గంటల్లో అయిపోతాయి, పది లక్షలు 12 రోజుల్లో. ఆ తర్వాత కంట్రోలర్ మెమరీ ఎర్రర్ చూపిస్తుంది, అందరూ కంట్రోలర్‌ను తిడతారు. విలువ మారినప్పుడే పంపాలి. లేదా మెమరీలో రాయకుండా తాత్కాలికంగా తీసుకునే వేరే రిజిస్టర్ ఉందేమో మాన్యువల్‌లో చూడాలి. చాలా మోడళ్లలో ఉంటుంది.

ఇద్దరి చేతుల్లోనూ లేని మంట

ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువసార్లు ఆగిపోయే వైపు కాకుండా, వెలిగే వైపే పాడవుతుంది. లోపల షార్ట్ అవుతుంది. అప్పుడు పీఎల్‌సీ అయినా విడి కంట్రోలర్ అయినా అవుట్‌పుట్ సున్నా చేసి కూర్చుంటుంది, హీటర్‌లో కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. వేడి పెరుగుతోందని తెర మీద కనిపిస్తుంది గానీ ఆపే దారి దాని చేతిలో లేదు. సెన్సర్ తన గుంటలోంచి జారి బయటపడినా ఇంతే. తెగిన థర్మోకపుల్‌ను కంట్రోలర్లు పసిగడతాయి. జారిపోయినది తెగలేదు కదా, గది వేడిని బుద్ధిగా చూపిస్తుంది. 35 డిగ్రీలే ఉందనుకుని కంట్రోలర్ పూర్తి మంట పెడుతుంది. ఎంత వెలిగించినా ఇన్ని నిమిషాల్లో వేడి పెరగకపోతే అలారం మోగించే సౌకర్యం చాలా విడి కంట్రోలర్లలో ఉంటుంది, దాన్ని ఆన్ చేసి సమయం పెట్టాలి. పీఎల్‌సీలో ఆ లైన్లు మనమే రాసుకోవాలి.

అందుకే హద్దు దాటితే ఆపే పరికరం పూర్తిగా వేరుగా ఉండాలి. వేరే సెన్సర్, వేరే లిమిట్ కంట్రోలర్, హీటర్ల మెయిన్ సరఫరాను తెంచే వేరే కాంటాక్టర్, మనిషి వచ్చి రీసెట్ నొక్కేదాకా తిరిగి కలవని ఏర్పాటు. అమెరికాలో పారిశ్రామిక ఓవెన్లు, కొలిముల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 86 ఇలాంటి లిమిట్ ఉండాలంటుంది. మన దగ్గర కొటేషన్ తగ్గించమన్నప్పుడు ముందు ఎగిరిపోయేది ఇదే. పీఎల్‌సీలోనే ఒక అలారం ఉంది కదా అంటారు. అదే సెన్సర్‌ను, అదే ఎస్‌ఎస్‌ఆర్‌ను నమ్ముకున్న అలారం కొలిమి దగ్గర నిలబడే మనిషిని కాపాడదు. మిగతా ఏది తగ్గించినా దీన్ని తగ్గించకూడదు.

వైరు చెప్పే అబద్ధం

థర్మోకపుల్ ఇచ్చేది మహా చిన్న సంకేతం. కె టైప్‌లో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. పైగా అది చెప్పేది ఉష్ణోగ్రతను కాదు, రెండు కొసల మధ్య తేడాను. టెర్మినల్ దగ్గరి వేడిని కంట్రోలరో, పీఎల్‌సీ కార్డో సొంతంగా కొలిచి కలుపుకుంటుంది. కొలిమి మీది సెన్సర్ తల నుంచి ప్యానెల్ దాకా కాంపెన్సేటింగ్ కేబుల్ బదులు మామూలు రాగి వైరు లాగారనుకుందాం. సెన్సర్ తల దగ్గర 70 డిగ్రీలు, ప్యానెల్‌లో 35. తెర మీద అంకె అసలు కన్నా 35 తక్కువ చూపిస్తుంది, కొలిమి 35 ఎక్కువ కాలుతుంది. సరైన కేబులే తెచ్చి, ప్లస్ మైనస్‌లు తల దగ్గరా ప్యానెల్ దగ్గరా రెండు చోట్లా తిరగేసి కలిపితే ఇంకా ఘోరం, తప్పు రెట్టింపై 70 అవుతుంది. వేడెక్కినకొద్దీ అంకె పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పీటీ-100 సెన్సర్‌ది ఇంకో రకం. 0 డిగ్రీల వద్ద 100 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద 138.5. అంటే వైరులో ఒక్క ఓమ్ అదనంగా చేరితే రెండున్నర డిగ్రీల పైనే తప్పు. ఆ తప్పును తీసేయడానికే మూడో వైరు. మామూలుగా రెండు ఎర్రవి, ఒకటి తెల్లది ఉంటాయి. ఎర్రవి రెండూ ఒకే కొస నుంచి వస్తాయి. కేబుల్‌లో రెండు తీగలే ఉన్నాయని మూడోదాన్ని టెర్మినల్ దగ్గరే తుంపు వేసి కలిపేసిన ప్యానెళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ లక్షల పీఎల్‌సీ అయినా చిన్న కంట్రోలర్ అయినా ఒకే తప్పు అంకె చదువుతాయి. కొత్తది కొనేముందు ఉన్నదాని సెన్సర్ వైర్లు విప్పి, టెర్మినల్ దగ్గర నుంచి ఒకసారి, సెన్సర్ తల దగ్గర నుంచి ఒకసారి కాలిబ్రేటర్‌తో సంకేతం ఇచ్చి చూడండి. తెర మీద ఏ చోట ఎంత తేడా వస్తోందో దాన్ని బట్టి మార్చాల్సింది కంట్రోలరా, కేబులా అన్నది తేలిపోతుంది.